మందు మానిన దినములలో నొప్పి
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మీతో ఒక నొప్పిని గురించి మాట్లాడాలని ఆశపడుతున్నాను. అది దెబ్బ తగిలితే వచ్చే నొప్పి కాదు, వ్యాధి వలన వచ్చే నొప్పి కాదు. నొప్పిని తగ్గించే మందును చాలాకాలము వాడి, ఒక్కసారిగా మానినప్పుడు వచ్చే నొప్పి. వినడానికి విచిత్రముగా ఉంటుంది. నొప్పి తగ్గించే మందు నొప్పిని ఎలా పెంచుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలియని ఇంటిలో ఎంత అపార్థము, ఎంత కన్నీరు ఉంటాయో ఆలోచించండి. దయచేసి చివరి వరకు శ్రద్ధగా వినండి. మీ ఇంటిలో ఈ సమస్య లేకపోవచ్చు. మీ పొరుగింటిలో ఉండవచ్చు.

పి.గన్నవరం నుండి రాజోలు వరకు ఏ దారిన వెళ్ళినా కొబ్బరి చెట్లే కదా! ఆ చెట్లు ఎక్కి కాయలు దింపే సహోదరులను మనమందరమూ ఎరుగుదుము. అటువంటి ఒక దింపు కార్మికుణ్ణి మనస్సులో ఊహించుకోండి. పేరు అవసరము లేదు. వానకు తడిసిన చెట్టు మీద కాలు జారి పడ్డాడు. నడుము దెబ్బతిన్నది. కొన్ని నెలలకు ఎముక అతుక్కుంది గాని నొప్పి పోలేదు. ఎవరో ట్రమడాల్ బిళ్ళ ఇచ్చారు. మొదట ఉదయము ఒకటి, రాత్రి ఒకటి. హాయిగా ఉంది, పనికి వెళ్ళగలిగాడు. ఆరు నెలలు గడిచేసరికి రెండు బిళ్ళలు చాలలేదు. నాలుగయ్యాయి, ఆరయ్యాయి. కూలి డబ్బులు మందుల షాపుకే సరిపోతున్నాయి. ఇంటిలోనివారు చూసి చూసి, ఒక దినము ఆ బిళ్ళలన్నీ తీసుకుపోయి కాలువలో పారవేశారు.

మరునాటికి అతనికి ఆవలింతలు మొదలయ్యాయి. ముక్కు కారుతోంది, కళ్ళ వెంట నీళ్ళు, ఒళ్ళంతా గగుర్పాటు, చెమట, విరేచనములు. రెండవ రాత్రికి నడుము నొప్పి తిరిగి వచ్చింది. నడుమే కాదు, ఎన్నడూ నొప్పి ఎరుగని పిక్కలు, మోకాళ్ళు, దవడలు కూడా లాగుతున్నాయి. దుప్పటి తగిలినా మంట. చల్లని నీళ్ళతో ముఖము కడిగితే సూదులు గుచ్చినట్టు. పసిబిడ్డ వచ్చి ఒడిలో కూర్చుంటే "అబ్బా" అని కేక వేశాడు.

అప్పుడు భార్య ఏమంటుంది? "నిన్నటిదాకా లేని నొప్పులు ఇవాళ ఎక్కణ్ణించి వచ్చాయండీ? బిళ్ళ కోసం వేషాలు కాకపోతే!" తల్లి ఏమంటుంది? "అమ్మాయ్, వాడి నడుము లోపల బాగా పాడైపోయినట్టుందే. ఆ బిళ్ళేదో తెచ్చి ఇచ్చెయ్యండి." ఇద్దరూ ప్రేమతోనే మాట్లాడారు. అయితే ఇద్దరి మాటా సరియైనది కాదు. అతడు వేషము వేయడము లేదు, నొప్పి నిజమైనదే. నడుము కొత్తగా పాడుకాలేదు, పాత గాయము పెరగలేదు. మరి ఏమి జరిగింది?

ప్రియులారా, ముందుగా ఏ మందులను గురించి మాట్లాడుతున్నామో స్పష్టము చేసుకుందాము. గసగసాల కాయనుండి తీసే నల్లమందు, దానినుండి వచ్చిన మార్ఫిన్, కొడీన్, హెరాయిన్, వాటివలె పనిచేయునట్లు తయారుచేసిన ట్రమడాల్, టాపెంటడాల్, పెంటాజోసిన్, ఫెంటానిల్ వంటివన్నీ ఒక కుటుంబము. వైద్యులు వీటిని ఓపియాయిడ్లు అంటారు. జ్వరమునకు వాడే పారాసిటమాల్ గాని, ఇబుప్రోఫెన్ గాని ఈ కుటుంబములోనివి కావు. వాటికి వేరే జాగ్రత్తలు ఉన్నాయి, అది వేరే అంశము.

మన శరీరములో కూడా ఇటువంటి పదార్థములు సహజముగానే ఉన్నాయని మీకు తెలుసా? ఈ మందులు మెదడులో అతుక్కునే ప్రత్యేకమైన స్థానములు ఉన్నాయని 1973లో శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. 1975లో స్కాట్లాండులోని అబర్డీన్ నగరములో హ్యూస్, కోస్టర్లిట్జ్ అను ఇద్దరు, మెదడు తనంతట తానే తయారుచేసుకునే ఎంకెఫలిన్లను కనుగొన్నారు. అనగా నొప్పిని అణచే ఏర్పాటు మన లోపలే ఉంది. బయటినుండి తెచ్చిన మందు ఆ తాళములోనే తన తాళపుచెవి పెట్టి తిప్పుతుంది.

ఇప్పుడు ఒక సంగతి ఆలోచించండి. మీరు ఈ ప్రసంగమును రేడియోలో వింటున్నారు. ఎవరో వచ్చి ఆ రేడియో మీద మందపాటి దుప్పటి కప్పారు. శబ్దము తగ్గిపోయింది. మీరేమి చేస్తారు? మీట తిప్పి శబ్దము పెంచుతారు. వారు మరియొక దుప్పటి కప్పారు. మీరు ఇంకా పెంచారు. అకస్మాత్తుగా దుప్పట్లన్నీ ఒక్కసారి లాగివేస్తే ఏమవుతుంది? చెవులు పగిలే మోత! రేడియో పాడు కాలేదు. మాట్లాడేవాడు గొంతు పెంచలేదు. మీట మాత్రము పైన ఉండిపోయింది.

మన నాడీమండలము చేసేది అదే. నొప్పి అనేది మనకు శత్రువు కాదు, అది కావలివాడు. కాలు నిప్పుమీద పడితే తీయమని చెప్పేది అదే. మందు ఆ కావలివాని నోరు మూసినప్పుడు, శరీరము దానిని సరిచేసుకోవడానికి నొప్పి మార్గములను మరింత చురుకు చేసుకుంటుంది. వెన్నుపాములో నొప్పి సంకేతములను పెద్దవి చేసే ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకములు ఎక్కువగా పనిచేస్తాయి. మెదడు క్రిందికి పంపే ఆజ్ఞలలో కూడా నొప్పిని అణచేవి తగ్గి, పెంచేవి బలపడతాయి. మెదడు కాండములో నీలి మచ్చ అని పిలువబడే ఒక చిన్న భాగము ఉంది. మందు ఉన్నంతకాలము అది అణగి ఉంటుంది. మందు పోగానే అది నోరడ్రినలిన్ అనే రసాయనమును విపరీతముగా విడుదల చేస్తుంది. గుండె దడ, చెమట, గగుర్పాటు, కంగారు, నిద్రలేమి అన్నీ అందుచేతనే. ఆ కంగారులో నొప్పి ఇంకా పెద్దదవుతుంది.

మందు వాడుతుండగానే కొందరిలో ఈ అధిక నొప్పి మొదలవుతుంది. చాలాకాలముగా మెథడోన్ మీద ఉన్నవారిని మంచునీటిలో చెయ్యి ఉంచమని పరిశోధకులు కోరినప్పుడు, వారు ఇతరులకంటె చాలా ముందుగానే చెయ్యి తీసివేశారు. వారు పిరికివారు కారు. వారి నాడులు అంత సున్నితమైపోయాయి. మందు దిగిపోయే దినములలో ఈ సున్నితత్వము మరింత బయటపడుతుంది.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. మార్ఫిన్‌ను సూదితో చర్మము క్రిందికి ఎక్కించే పద్ధతి 1850లలో వచ్చింది. అందరూ దానిని గొప్ప వరమని మెచ్చుకున్నారు. 1870లో ఇంగ్లండుకు చెందిన క్లిఫర్డ్ ఆల్బట్ అనే వైద్యుడు ఒక హెచ్చరిక వ్రాశాడు. మనము నేడు ఇంటిలో వాడే చిన్న జ్వరమాని రూపము మొదట ఈయన ఆలోచనే. తన రోగులు కొందరు సూది వేయించుకుంటున్నకొలదీ నొప్పి తగ్గకపోగా పెరుగుతున్నట్టు ఆయన గమనించాడు. ఆ సూదే నొప్పిని పెంచి పోషిస్తోందేమోనని సందేహించాడు. నూట యాభై ఏండ్లకు పైగా గడిచినా, ఆ మాట ఇంకా అనేక ఇండ్లకు చేరలేదు.

మన గోదావరి ప్రాంతమునకు కూడా నల్లమందు కొత్త కాదు. మన్యములో చలిజ్వరము భయముతో దానిని తినే అలవాటు బ్రిటిష్ వారి కాలములో ఉండేది. దేశమంతటా ఈ అలవాటును విచారించడానికి 1893లో రాయల్ కమిషన్‌ను నియమించారు. 1895లో దాని నివేదిక వచ్చింది. అప్పుడు అది నల్లని ఉండ. నేడు అది తెల్లని బిళ్ళగా, మెరిసే అట్టలో వస్తున్నది. రూపము మారింది గాని శరీరముతో దాని లెక్క మారలేదు. ఢిల్లీలోని ఎయిమ్స్ సంస్థ ఆధ్వర్యములో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము, మన దేశములో సుమారు 2 కోట్ల 26 లక్షల మంది ఏదో ఒక ఓపియాయిడ్‌ను వాడుతున్నారు. వారిలో సుమారు 77 లక్షల మందికి వైద్య సహాయము అవసరము. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల చట్టము పరిధిలోనికి తెచ్చారు. అంతకు ముందు వరకు అది మామూలు నొప్పి బిళ్ళగా చెలామణి అయినది. కాబట్టి దానికి అలవాటుపడిన ప్రతివానిని దుర్మార్గుడని తీర్పు తీర్చడము న్యాయము కాదు. అనేకులు నొప్పికి మందనుకొని మొదలుపెట్టినవారే.

మరి ఈ నొప్పి ఎంతకాలము ఉంటుంది? ప్రియ సహోదరుడా, ప్రియ సహోదరీ, ఇది తెలిసికొనుట చాలా ముఖ్యము. ఎందుకంటే అంతము తెలియని బాధ రెట్టింపు బాధ. హెరాయిన్ వంటివి మానినప్పుడు ఎనిమిది నుండి పన్నెండు గంటలలో లక్షణములు మొదలవుతాయి. ట్రమడాల్ వంటి బిళ్ళలైతే ఒక దినము పట్టవచ్చు. రెండవ, మూడవ దినములు అన్నిటికంటె కఠినమైనవి. తరువాత క్రమముగా తగ్గుతూ, వారము పది దినములలో ఎక్కువ భాగము శాంతిస్తుంది. మెథడోన్ వంటి నిదానముగా దిగే మందులకు ఇంకా ఎక్కువకాలము పడుతుంది. నిద్ర సరిగా పట్టకపోవడము, తాకితే నొప్పి, నీరసము కొందరిలో వారముల తరబడి, నెలల తరబడి కూడా ఉండవచ్చు. కాని మీట క్రిందికి దిగుతూనే ఉంటుంది. ఆ నొప్పి శాశ్వతము కాదు. "నా నడుము ఇక బాగుపడదు, మందు లేకపోతే నేను బ్రతకలేను" అని మూడవ రాత్రి చెప్పే మనస్సును నమ్మవద్దు. అది పెంచిన మీట మాట్లాడుతున్న మాట. ఆ మాట నమ్మి మరల బిళ్ళ వేసుకుంటే కొంతసేపటికి ఉపశమనము వస్తుంది. వచ్చినందున "చూశారా, నొప్పి నిజముగానే ఉంది, మందే దానికి విరుగుడు" అనిపిస్తుంది. ఇదే ఆ ఉచ్చు. ఎందరో ఇక్కడే చిక్కుకొంటున్నారు.

అయితే "ఓర్చుకో, ఏమీ కాదు" అని గదిలో పెట్టి గొళ్ళెము వేయడము దారి కాదు. మన డెల్టా కాలువల మీద లాకులు మీరు చూశారు కదా. ఎగువ నీరు ఎత్తుగా, దిగువ నీరు పల్లముగా ఉంటుంది. పూర్వము పడవలు వచ్చినప్పుడు లాకు మనిషి ఏమి చేసేవాడు? తలుపులు ఒక్కసారిగా తెరిచేవాడు కాదు. కొద్దికొద్దిగా నీరు వదిలి, రెండు మట్టములు సమానమైన తరువాతే తెరిచేవాడు. ఎంత తొందర పనైనా సరే. ఒక్కసారి తెరిస్తే పడవ బోల్తాపడుతుంది. మందు మానడము కూడా అంతే. మోతాదును వైద్యుడు వారములు, అవసరమైతే నెలల మీద మెల్లగా తగ్గిస్తూ వస్తే, పెరిగిన మీట కూడా మెల్లగా దిగుతుంది.

ఇందుకు మంచి చికిత్సలు ఉన్నాయి. బుప్రినార్ఫిన్ అను బిళ్ళను నాలుక క్రింద పెట్టి కరిగిస్తారు. అది ఆ తాళమును సగము మాత్రమే తిప్పుతుంది. మత్తుకు పోనివ్వక, బాధకు లొంగనివ్వక నిలబెడుతుంది. అయితే మానిన లక్షణములు మొదలైన తరువాతే దానిని ప్రారంభించాలి. ముందే ఇస్తే బాధ ఒక్కసారిగా ఎక్కువవుతుంది. అందుచేత సొంతముగా కొని వాడకూడదు, వైద్యుని పర్యవేక్షణ ఉండాలి. క్లోనిడిన్ అను మందు ఆ నీలి మచ్చ అలజడిని తగ్గిస్తుంది. దానికి రక్తపోటు పడిపోవచ్చు గనుక అది కూడా వైద్యుడే ఇవ్వాలి. విరేచనములకు, వాంతులకు, ఒంటి నొప్పులకు వేరే మందులు ఉన్నాయి. వీటితోపాటు ఉప్పు కలిపిన గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, గోరువెచ్చని నీళ్ళ స్నానము, మెత్తని బట్టలు, చీకటి గది, రెండడుగుల నడక ఎంతో మేలు చేస్తాయి. కొబ్బరినీళ్ళు మనకు కరువు కాదు కదా!

నాలుగు హెచ్చరికలు జాగ్రత్తగా వినండి. మొదటిది: ట్రమడాల్ ఎక్కువ మోతాదులో వాడినవారికి ఫిట్స్ రావచ్చు. బిళ్ళలు కాలువలో పారవేయుటకు ముందు వైద్యుని అడగండి. రెండవది: గర్భవతి ఈ మందులను ఒక్కసారిగా మానకూడదు, అది కడుపులోని బిడ్డకు ప్రమాదము. మూడవది: కొన్ని దినములు మానినవాని శరీరము పాత మోతాదును తట్టుకోలేదు. నొప్పికి ఓర్వలేక మునుపటివలె ఆరు బిళ్ళలో, పాత సూదియో తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మానిన తరువాతి వారములే ప్రాణమునకు మిక్కిలి అపాయకరమైనవి. అటువంటి సమయములో లేపినా లేవకపోతే, గురక వింతగా ఉంటే, పెదవులు నీలిరంగుకు మారితే వెంటనే 108కి ఫోన్ చేయండి. నాల్గవది: క్యాన్సర్ నొప్పికి వైద్యుడు మార్ఫిన్ ఇస్తే భయపడి మానిపించవద్దు. బాధతో ఉన్నవారికి అది అందాలనే 2014లో చట్టమును సవరించారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల దానిని ఎంతో జాగ్రత్తగా ఇస్తున్నారు. ఒకే మందు ఒకచోట ఊరట, మరొకచోట ఉచ్చు. తేడా తెలిసినవాడు వైద్యుడు.

ఇక ఇంటిలోనివారికి, సంఘములోనివారికి ఒక మాట. యోబును చూడవచ్చిన ముగ్గురు స్నేహితులను మీరెరుగుదురు. తరువాత వారు ఎంతో మాట్లాడారు, ఎన్నో నిందలు వేశారు. కాని మొదట ఏమి చేశారు? అతని బాధ మిక్కిలి ఎక్కువని చూచి, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేలమీద అతనితోకూడ మౌనముగా కూర్చున్నారు. వారు చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదే. మందు మానుతున్నవానికి కూడా కఠినమైన దినములు దాదాపు అన్నే. ఆ ఏడు దినములలో అతని పాపముల పట్టిక చదవనక్కరలేదు. "విశ్వాసము ఉంటే నొప్పి ఎందుకు వస్తుంది?" అని అడగనక్కరలేదు. నాడులు పంపే సంకేతము విశ్వాసపు కొలత కాదు. ప్రార్థన చేయండి, చేసి ఆసుపత్రికి కూడా తోడు వెళ్ళండి. అతనిని తాకే ముందు అడగండి. ప్రేమతో వేసిన చెయ్యి కూడా ఆ దినములలో నొప్పి పుట్టించవచ్చు. చెయ్యి విదిలించుకుంటే మిమ్మల్ని కాదనుకున్నాడని నొచ్చుకోకండి.

మన లంకల గన్నవరములో 1841 నుండి 1909 వరకు జీవించిన డొక్కా సీతమ్మగారిని ఎరుగనివారు ఈ సీమలో లేరు. పి.గన్నవరము దగ్గర వైనతేయ మీద 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. ఏ వేళప్పుడు ఎవరు వచ్చినా, నీవెవరు, ఈ గతి ఎందుకు పట్టింది అని అడగక అన్నము పెట్టిన తల్లి అని పెద్దలు చెప్పుకుంటారు. నొప్పితో తలుపు తట్టినవానిని మొదట ఆదరించడము, ప్రశ్నలు తరువాత అడగడము మన ఊరికి తెలిసిన మర్యాదే. దానిని ఈ బాధితులకు కూడా చూపుదాము.

సహాయము ఎక్కడ దొరుకుతుంది? కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము ఉంది. మత్తు మానుకోదలచినవారి కొరకు కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోన్ నంబరు 14446. మనస్సు కలత చెందినప్పుడు మాట్లాడుటకు టెలిమానస్ నంబరు 14416, ఇది 2022 అక్టోబరు నుండి పనిచేస్తున్నది. డబ్బు అక్కరలేదు. సిగ్గుపడవలసినది అంతకన్నా లేదు.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఈ రాత్రియే ఆ మూడవ రాత్రిని గడుపుతుంటే, మీకు చెప్పవలసినది ఇది: మీ నొప్పి నిజము. మీరు నటించడము లేదు. మీ ఒళ్ళు కొత్తగా పాడైపోలేదు. పెరిగిన మీట దిగడానికి కొంత సమయము కావాలి, ఆ సమయమును ఒంటరిగా గడపవద్దు. ప్రక్క గదిలో ఉన్నవారిని లేపండి. తెల్లవారగానే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళమని అడగండి. ప్రక్క గదిలో ఉన్నది మీరైతే, పిలుపు కొరకు ఎదురుచూడకండి. లేచి వెళ్ళి దగ్గర కూర్చోండి.

మీకందరికీ సమాధానము కలుగును గాక.